నీలం తలుపు, పచ్చ గడప

దుబాయ్‌లో ఏం చేస్తావురా అని ఊళ్లో ఎవరడిగినా బొమ్మలు మోస్తానండి అని చెప్తాను. అసలు పేరు ఆర్ట్ హ్యాండ్లర్, కానీ ఆ మాటంటే మళ్లీ పది నిమిషాలు వివరించాలి. అల్ కూజ్‌లో మా గోడౌన్. పెయింటింగులకు చెక్క పెట్టెలు కట్టడం, లోపల ఫోమ్ కోసి అమర్చడం, గ్యాలరీకి తీసుకెళ్లి లెవెల్ చూసి గోడకి తగిలించడం, అమ్ముడుపోతే మళ్లీ దించి పెట్టెలో పెట్టడం. మాది అంబాజీపేట దగ్గర ఊరు. నాన్న వడ్రంగి. ఆయన దగ్గర నేర్చుకున్న పనే నాకు ఇక్కడ అన్నం పెడుతోంది, కాకపోతే సూటిగా పెట్టలేదు.

2012లో ఫర్నిచర్ పని అని ఏజెంటు పంపిస్తే, దిగాక చూసుకుంటే షట్టరింగ్ పని. కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించడం, ఊడదీయడం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది, ఆ రెండున్నర గంటలూ నీడలో పడుకుని ఏజెంటుని తిట్టుకునేవాడిని. మూడేళ్ల తర్వాత ఒక పాలకొల్లు బాబాయ్ పుణ్యమా అని ఈ కంపెనీలో పడ్డాను. ఇక్కడ బొమ్మల గదిలో ఎప్పుడూ 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, గాలిలో తేమకి కూడా లెక్కుంది. మా కోసం కాదు, బొమ్మల కోసం. అయినా మనకీ చల్లగానే ఉంటుంది కదా.

పని మొదట్లో నాకు నవ్వొచ్చేది. పెట్టెకి వాడే చెక్కని 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసినట్టు ముద్ర ఉండాలి, లేకపోతే పురుగు ఉంటుందని పోర్టులో ఆపేస్తారు. మేకు కొట్టకూడదు, స్క్రూ బిగించాలి, సుత్తి దెబ్బ అదురు లోపలి బొమ్మకి తగలకూడదు. విమానం దిగిన పెట్టెని వెంటనే విప్పరు, గది వేడికీ తేమకీ అలవాటు పడాలని 24 గంటలు అలాగే వదిలేస్తారు. నేను దిగిన రాత్రి రెండింటికి క్యాంపుకి చేరితే పొద్దున్న అయిదింటికి బస్సెక్కించారు మరి.

పెట్టె విప్పాక బొమ్మ మీద గీత, మరక, పగులు ఏది కనపడినా కాగితం మీద రాయాలి, అది మా సూపర్‌వైజర్ పని. మలయాళీ, మేం ఛేటా అని పిలుస్తాం, అంటే అన్నా అని. నేను టార్చి పట్టుకుంటాను. టార్చి పక్కనుంచి వేస్తే రంగు ఎక్కడ లేచిందో తెలుస్తుంది. అలా గంటలకి గంటలు ఒక్కో బొమ్మనీ అంగుళం అంగుళం చూడటం వల్ల అయ్యుంటుంది, చదువు లేకపోయినా నాకు బొమ్మల మీద ఒక ఇది ఏర్పడింది. మనుషులున్న బొమ్మలు తొందరగా బోరు కొడతాయి. ఏమీ లేని బొమ్మలు, అదే అబ్‌స్ట్రాక్ట్ అంటారే, అవి రోజూ చూసినా అయిపోవు.

ఒకరోజు రజా గారి బొమ్మ వచ్చింది. సయ్యద్ హైదర్ రజా. మధ్యలో పెద్ద నల్లటి గుండ్రం, చుట్టూ ఎరుపు, ఇటుక రంగు, పసుపు. అంతే. ఛేటా దాన్ని బిందువు అంటారని చెప్పాడు. రజా గారిది నర్మద పక్కన మండ్లా జిల్లా, 1922లో పుట్టారు, నాన్న అడవి శాఖలో ఉద్యోగి. బళ్లో పిల్లాడికి ధ్యాస కుదరట్లేదని మాస్టారు గోడ మీద ఓ చుక్క పెట్టి దాన్నే చూడమన్నారట. ఆ పిల్లాడు 1950లో ఫ్రాన్స్ వెళ్లిపోయి అక్కడే అరవై ఏళ్లు ఉన్నాడు, మొదట్లో ఊళ్లూ ఇళ్లూ చర్చిలూ వేశాడు, వేస్తూ వేస్తూ ఉంటే ఇళ్లు కరిగిపోయి రంగులే మిగిలాయి, దాదాపు అరవై ఏళ్ల వయసొచ్చేసరికి ఆ చుక్క తిరిగొచ్చింది. చిన్నప్పటి అడవిలో రాత్రంటే భయం, తెల్లారాక ఎండలో సంతరోజు ఊరంతా రంగులు, మళ్లీ రాత్రి, ఇదే నాకు వదలని జ్ఞాపకం అన్న అర్థంలో ఆయన చెప్పుకున్నారు. ఆ సంగతి తెలిశాక ఆ నలుపుని చూస్తే మామూలు నలుపులా ఉండదు.

నాకు మాత్రం అది నుయ్యిలా కనపడింది. ఆయన బిందువన్నారు, విత్తనమన్నారు, పెద్దవాళ్లు ఏవో చెప్తారు, కాదనను. మా పెరట్లో వరల నుయ్యి ఉండేది. అమ్మ తొంగిచూడొద్దనేది కాబట్టే తొంగిచూసేవాడిని. వర చుట్టూ ఎర్రటి నేల, లోపల నలుపు, ఆ నలుపులో చాలా లోతున తెల్లగా నా తల. టార్చి పట్టుకుని నేను ఆ గుండ్రంలో నా తల కోసం వెతుకుతుంటే ఛేటా కదలకురా నీడ పడుతోంది అని కసిరాడు.

కోనసీమ అనగానే అందరూ పచ్చదనం, పచ్చదనం అంటారు. నిజమే, ఎందుకు కాదూ. కానీ పచ్చలో పుట్టినవాడికి పచ్చ కనపడదు, గాలి కనపడనట్టు. నాకు గుర్తున్నవి వేరే రంగులు. జులైలో ఎగువన వానలు పడి గోదారికి ఎర్రనీరు వచ్చేది, కాలవలో, బోదెలో, చివరికి చేటంత గుంటలో కూడా టీ రంగు నీళ్లే. వేసవిలో కాలవలు కట్టేస్తే అడుగున జిగటగా నల్లటి ఒండ్రు బయటపడేది, దాంట్లో చేపలు పట్టి ఇంటికొస్తే అమ్మ గుమ్మంలోకి రానిచ్చేది కాదు. 96 నవంబరు తుపాను తర్వాత మొవ్వులు విరిగి నిలబడ్డ కొబ్బరి చెట్లు, మాడిపోయినట్టు గోధుమరంగులో ఆకులు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

ఇంకొకటి కనుమ రోజు జగ్గన్నతోట తీర్థం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు వస్తాయి, వెదురు కట్టి దాని మీద రంగురంగుల కొత్త గుడ్డలు చుట్టి, గంటలు కట్టి, భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నదిలో దిగి దాటాలి. మోసేవాళ్లు గుండెల లోతు నీళ్లలో ఉంటారు, అంత ఎత్తు ప్రభ ఊగుతుంది, గట్టు మీద జనం ఊపిరి బిగబడతారు. అందరూ ప్రభని చూస్తుంటే నాన్న భుజాల మీద కూచున్న నేను కింద నీళ్లని చూసేవాడిని. ఆ నీళ్లలో ప్రభ లేదు. ఎరుపు, పసుపు, చిలకపచ్చ ముక్కలు ముక్కలుగా విడిపోయి, అతుక్కుని, మళ్లీ విడిపోయి. ఇన్నేళ్లకి గ్యాలరీల్లో అలాంటివి గోడకి తగిలిస్తుంటే, పక్కన నిలబడినవాళ్లు ఇందులో ఏముందీ అంటుంటే, ఏం లేదండి, ప్రభ వెళ్లిపోయింది, నీళ్లే ఉన్నాయి అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను, ఆ ఇంగ్లీషు నా దగ్గర లేదు.

ఇక్కడ రంగుకి నంబరుంటుంది. గోడకి తెలుపు వేయాలంటే ఆర్ఏఎల్ 9010 అంటారు, డబ్బా తెస్తే సరిగ్గా అదే తెలుపు. మనకి నంబర్లెక్కడివి, వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, మెంతి రంగు, నెమలికంఠం. చీరల కొట్టులో మా అమ్మ ఈ పేర్లు చెప్తే కొట్టువాడు ఒక్కసారికి తీసిచ్చేవాడు. అయితే ఈ పేర్లతో తంటా కూడా ఉంది.

రజా గారి బొమ్మ వెళ్లిపోయిన వారం అమ్మకి ఫోన్ చేసి మన పాతింటి వీధి తలుపు ఏం రంగే అని అడిగాను.

"పచ్చ" అంది.

"నీలం కదమ్మా. తుపానుకి పాత తలుపు ఎగిరిపోతే, పడిపోయిన వేపచెట్టు కోయించి నాన్న కొత్తది చేశాడు, నావకి వేయగా మిగిలిన నీలం పూశాడు. నేను పట్టుకున్నాగా డబ్బా."

"పచ్చేరా. నేను రోజూ చూసిందాన్ని. నువ్వెప్పుడూ తిరుగుళ్లే కదా."

అరగంట కొట్టుకున్నాం. అన్నయ్యకి చేస్తే వాడికి అసలు తలుపే గుర్తులేదు, తలుపు మీద తన ఎత్తు కొలిచిన గీతలు గుర్తున్నాయట. రెండ్రోజులు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు, ఇంత చిన్న విషయానికి టెన్షన్ ఏంటని నవ్వుకోండి. ఆ నీలం అబద్ధమైతే నూతిలో తల కూడా అబద్ధమేమో, నీళ్లలో ప్రభ ముక్కలు కూడా నేను కల్పించుకున్నవేమో అని ఒకటే పీకులాట. మూడోరోజు అమ్మే చేసింది. నేను పచ్చ అంటే ఆకుపచ్చ అనుకున్నాను. ఆవిడ చెప్తున్నది పసుపుపచ్చ. ఆవిడకి తలుపంటే తలుపు కాదు, గడప. శుక్రవారం శుక్రవారం వంగి పసుపు రాసింది గడపకి, ఆవిడ చూపు ఎప్పుడూ అక్కడే. నేను బయట నుంచి పరిగెత్తుకొచ్చేవాడిని కాబట్టి నాకు నీలం చెక్క. ఇల్లు 2009లోనే పడగొట్టేశాం, ఇక ఎవరూ తేల్చనక్కర్లేదు.

రజా గారు 1981లో మా అనే బొమ్మ వేశారు, మా అంటే అమ్మ. దాని మీద ఒక హిందీ కవిత పాదం రాసుకున్నారు, అమ్మా, తిరిగొచ్చేటప్పుడు నేనేం తెస్తాను అని. ఫోన్లో ఆ బొమ్మ చూసి, ఛేటా చేత అర్థం చెప్పించుకుని, చాలాసేపు ఊరుకుండిపోయాను. గల్ఫ్ వాళ్లం దానికి జవాబు లిస్టు రాసి మరీ ఇస్తాం కదా, టాంగ్ డబ్బా, దుప్పటి, సెంటు, టైగర్ బామ్, వీలైతే బంగారం, మొత్తం కలిపి 30 కేజీలు దాటకుండా. ఆయన చివరి ఏళ్లలో ఢిల్లీ వచ్చేశారు, 2016లో పోతే మండ్లా తీసుకెళ్లి నాన్న సమాధి పక్కనే పెట్టారు.

సంక్రాంతికి టికెట్టు తీశాను, కనుమ రోజుకి ఊళ్లో ఉంటాను. ఏం తెమ్మంటావమ్మా అని అడిగితే, మొన్న వీడియోకాల్లో నీ చేతులకున్నాయే ఆ తొడుగులు తీసుకురా, ఈనెలు చీరుతుంటే వేళ్లు కోసుకుపోతున్నాయి, ఏడాదికి సరిపడా చీపుళ్లు కట్టుకోవాలి అంది. రెండు రకాలున్నాయే, తెల్ల గుడ్డవి, నీలం రబ్బరువి, ఏవి తేను అన్నాను.

"తెల్లవి మాసిపోతాయి. నీలమే తే" అని, కాస్త ఆగి, "నీలం అంటే ఏ నీలం రా?" అంది.