ఇన్‌స్టాల్ కొట్టే ముందు జర ఆగుండ్రి

మొన్న ఆదివారం దేవరకొండల మా అక్క వాళ్లింటికి పోయిన. అక్క బిడ్డ నల్లగొండల డిగ్రీ చదువుతది, దాని లాప్‌టాప్ ఆన్ చేస్తే చుక్కలు గుండ్రంగ తిరుగుడే తప్ప విండోస్ లోపలికి పోతలేదు. "మామా, షాపాయన ఫార్మాట్ కొట్టాలె, ఏం మిగలదు అన్నడు" అని గొంతు చిన్నగ చేస్కొని చెప్పింది. అండ్ల మా అమ్మ ఆఖరుసారి బతుకమ్మ పేర్చిన ఫోటోలున్నయి, ఇంకెక్కడ లెవ్వు.

నా బ్యాగుల లినక్స్ మింట్ (విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) రాసిన పెన్‌డ్రైవ్ ఎప్పుడూ ఉంటది. ఒక మాట, డౌన్‌లోడ్ చేసిన మింట్ ఐఎస్‌ఓ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌ల ఉట్టిగ కాపీ చేస్తే దాంతోటి కంప్యూటర్ బూట్ కాదు, రూఫస్, ఎచర్ అసొంటి ప్రోగ్రామ్‌తోటి రాయాలె, రాస్తే అండ్ల ముందున్నదంత పోతది. ఆ పెన్‌డ్రైవ్ లాప్‌టాప్‌కు పెట్టి, ఆన్ చేసి, దేని నుంచి బూట్ కావాల్నో ఎంచుకునే మెనూ కోసం ఎఫ్12 కొట్టిన, కంపెనీని బట్టి ఎఫ్9 గూడ ఉంటది. రెండు నిమిషాలల్ల మింట్ డెస్క్‌టాప్ వచ్చింది. ఇదంత పెన్‌డ్రైవ్ మీద, ర్యామ్‌ల నడుస్తది, మనం చెప్పేదాక హార్డ్ డిస్క్‌ను ముట్టదు, ఇట్ల ఇన్‌స్టాల్ చెయ్యకుండ నడుపుడునే లైవ్ అంటరు, అందుకే నాకు లైవ్ అంటే అంత నమ్మకం.

సీ డ్రైవ్ తెరుసుకుంది, విండోస్ సక్కగ బంద్ కాలేదు గాబట్టి చదువుడు వరకే ఇచ్చింది, రాయనియ్యలే, మనకు కావల్సింది గూడ చదువుడే గదా. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉంటే మాత్రం కీ అడుగుతది, దీనికి లేదు. 14 జీబీ ఫోటోలు బయటి హార్డ్ డిస్క్‌లకు ఎక్కించిన, ఎక్కినంక ఒక్కొక్కటి తెరిచి చూసినం. తంగేడు పూలు ఒళ్లో పోస్కొని కూసున్న అమ్మ కనబడంగనే అక్క పొయ్యి బంద్ చేసి వచ్చి కూసుంది.

లైవ్‌లనే సౌండు, కెమెరా పనిచేసినయి, వైఫై కనబడలే, ఫోన్‌కు కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ మీద ఇచ్చుడు) ఆన్ చేస్తే నెట్ వచ్చింది, ఇసొంటియి ఇన్‌స్టాల్‌కు ముందే తెలుస్తయి. విండోస్ 10 కు మామూలు అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14 తోటి ఆగినయి, 11 కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలె, ఈ లాప్‌టాప్‌ల లేదు, అందుకే మింటే వేద్దామనుకున్నం.

ఆ రోజు మాత్రం వెయ్యలే. పెన్‌డ్రైవ్ బిడ్డకిచ్చి, ఫోటోలు ఇంకో కాపీ తీయమని చెప్పి వచ్చిన. మర్నాడు రాత్రి ఫోన్ చేసింది, మింట్ వేసుకుంట డిస్క్ మొత్తం తుడిచే ఆప్షన్ కాడ ఆగింది.

"కొట్టాల్నా మామా?"

"రెండో కాపీ తెరిచి చూసినవా?"

"చూసిన."

"అయితే కొట్టు బిడ్డా."