ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్‌లో సీపీయూ టైప్ మార్చడం: నా అనుభవం

ప్రాక్స్‌మాక్స్ అంటే ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే సాఫ్ట్‌వేర్. మా ఆఫీసు ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్‌లో, అంటే కలిపి నడిపే గుంపులో, మూడు సర్వర్లున్నాయి. రెండు ఇంటెల్ పాత తరం హాస్వెల్ ప్రాసెసర్ల కాలం నాటివి, మూడోది తర్వాతి తరం ఐస్ లేక్ ప్రాసెసర్‌తో ఈమధ్యే వచ్చింది. వీఎంలన్నీ మొదటి నుంచీ 'హోస్ట్' సీపీయూ టైప్‌లోనే ఉండేవి, అంటే సర్వర్‌లో ఉన్న ప్రాసెసర్ ఉన్నదున్నట్టుగా వీఎంకి కనిపిస్తుంది. సర్వర్లన్నీ ఒకే రకం అయితే ఇది మంచి సెట్టింగే. కొత్తది చేరాకే చిక్కు మొదలైంది. పాత సర్వర్ మీది వీఎంని లైవ్ మైగ్రేషన్‌లో (ఆపకుండా, నడుస్తుండగానే) కొత్తదానికి పంపితే హాయిగా వెళ్లింది, కానీ అక్కడ ఆపి మళ్లీ స్టార్ట్ చేసినదాన్ని వెనక్కి పంపితే లాగ్‌లో సక్సెస్ అనే ఉంది, కన్సోల్ మాత్రం కదలదు, సీపీయూ వంద శాతం. అది డేటాబేస్ వీఎం కూడా, ఎంత టెన్షన్ పడ్డామో!

కారణం తెలిశాక అంతా అర్థమైంది. ప్రాసెసర్‌కి ఏమేం వచ్చో ప్రోగ్రాములు స్టార్ట్ అయ్యేటప్పుడే చూసుకుంటాయి. లైనక్స్‌లో జీలిబ్‌సీ (చాలా ప్రోగ్రాములు వాడుకునే మూల లైబ్రరీ) అయితే మెమరీ కాపీకి ఏ పద్ధతి వాడాలో కూడా అప్పుడే ఎంచుకుంటుంది. ఐస్ లేక్‌లో ఏవీఎక్స్-512 అనే ఇన్‌స్ట్రక్షన్ల సెట్ ఉంది, హాస్వెల్‌లో లేదు. నడుస్తున్న వీఎంని పాత సర్వర్‌కి మార్చినా లోపలి ప్రోగ్రాములకి ఆ సంగతి తెలియదు, అక్కడ లేని ఇన్‌స్ట్రక్షన్లనే పిలుస్తూ ఉంటాయి.

అందుకే మూడింటిలో పాత ప్రాసెసర్‌కి ఏం వచ్చో అంతవరకే అన్ని వీఎంలకీ చూపించాలి. ప్రాక్స్‌మాక్స్ 8 నుంచి కొత్త వీఎంలకి డిఫాల్ట్‌గా వచ్చేది ఎక్స్86-64-వి2-ఏఈఎస్ (వి2) అనే టైప్. అదే పెట్టేద్దామన్నారు మావాళ్లు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే అందులో ఏవీఎక్స్ (ఏవీఎక్స్-512 కంటే ముందు వచ్చిన ఇన్‌స్ట్రక్షన్లు) లేదు, మా దగ్గరున్న మోంగోడీబీ డేటాబేస్ 5.0 వెర్షన్ నుంచి ఏవీఎక్స్ లేకపోతే స్టార్టే కాదు. పైగా రెడ్‌హ్యాట్ లైనక్స్ 10కి దాని పై మెట్టు ఎక్స్86-64-వి3 (వి3) తప్పనిసరి. వి3కి కావలసిన ఏవీఎక్స్2 హాస్వెల్‌లో ఉంది కాబట్టి అది మాకు సరిగ్గా సరిపోతుంది. మూడు సర్వర్లలోనూ ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి ఫ్లాగ్‌లు (ప్రాసెసర్ ఫీచర్ల పేర్లు) పోల్చి చూసుకున్నాకే ముందుకెళ్లాను.

మార్చడం ఒక్క నిమిషం పని, అమల్లోకి తేవడమే అసలు పని. వీఎం లోపలి నుంచి రీబూట్ కొడితే పాత టైపే ఉంటుంది, మార్పు పెండింగ్‌లోనే కనిపిస్తుంది. పూర్తిగా షట్‌డౌన్ చేసి స్టార్ట్ చేయాలి, లేదా ప్రాక్స్‌మాక్స్ వైపు నుంచి రీబూట్ ఇవ్వాలి. ఒక్కో టీమ్‌ని బతిమాలి రాత్రిపూట డౌన్‌టైమ్ తీసుకున్నాం. ఆ తర్వాత మోంగో వీఎంని లోడ్ మీద ఉండగానే కొత్తదాని నుంచి పాతదానికి పంపాను, ఒక్క కనెక్షన్ కూడా తెగలేదు. నాకైతే చాలా సంతోషమేసింది.

ఒక్క వీఎంని మాత్రం హోస్ట్‌లోనే ఉంచేశాం. దాని లోపల ఇంకో హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుంది, దానికి కావలసిన ఫ్లాగ్ వి3లో రాదు. అది ఐస్ లేక్ సర్వర్ మీదే ఉంటుంది, మైగ్రేట్ చేయొద్దని నోట్స్‌లో రాసిపెట్టాం. కొత్త వీఎంలు తయారుచేసే టెంప్లేట్లలో కూడా వి3 పెట్టేయండి, లేకపోతే డిఫాల్ట్‌తో చేసిన కొత్త వీఎంలన్నీ మళ్లీ వి2తోనే వస్తాయి.