మెదక్ చర్చిలో మూడో మాట

మెదక్ చర్చికి ఎక్కువ మంది క్రిస్మస్‌కి వెళ్తారు. లైట్లు, దుకాణాలు, పిల్లల సందడి, ఆ రోజు ఆవరణలో కాలు పెట్టే చోటుండదు. మా అత్తమ్మ మాత్రం గుడ్ ఫ్రైడేకే వెళ్లాలంటుంది. ఆమె పుట్టిల్లు మెదక్ పక్కన ఓ పల్లె. ఆ చర్చి కట్టేటప్పుడు రాళ్లు మోసిన కూలీల్లో ఆమె తాత ఒకడు. "మా తాత ఆకలితోని కట్టిండు. మనం ఒక్క పూటన్న ఉపాసముండి పోవాలె బిడ్డా" అంటుంది. ఈ ఏడు మమ్మల్ని కూడా రమ్మని పట్టుబట్టింది.

నాకు కదలాలని లేదు. చలికాలంలోనే మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. ఫ్లాట్ మీద లోన్ ఉంది, పాప ఇంజనీరింగ్ ఫీజు ఉంది, నా గాజులు అప్పటికే బ్యాంకులో కుదువ ఉన్నాయి. అత్తమ్మకు బీపీ అని ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. లోన్ కట్టాల్సిన ఐదో తారీకు దగ్గరపడుతుంటే కడుపులో ఏదో తిప్పినట్టుండేది. రాత్రి మోకాళ్ల మీద ఉండి ప్రార్థన మొదలుపెడితే రెండు నిమిషాలకల్లా మనసు లెక్కల్లోకి జారిపోయేది. ఇంత వస్తే ఇంత కట్టొచ్చు, ఇది ఆపితే అది నడుస్తుంది, ఇదే గోల. దేవుని పేరుతో మొదలైన ప్రార్థన ఈఎంఐతో ముగిసేది.

అలాంటప్పుడు చుట్టాలు చెప్పే ఓదార్పు ఒకటుంటుంది. "మనకన్నా అధ్వాన్నంగా ఉన్నవాళ్లను చూసి తృప్తిపడాలి" అని. మంచి మనసుతోనే అంటారు. కానీ ఇంకొకరి ఇల్లు కూలితే నా ఇల్లు గట్టిగా ఉందని సంతోషించడం క్రైస్తవ ఓదార్పు ఎలా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

బాలానగర్‌లో నర్సాపూర్ మీదుగా వెళ్లే బస్సెక్కాం. నాకూ పాపకూ జీరో టికెట్, మా ఆయనకే డబ్బులు. సూరారంలో అత్తమ్మ ఎక్కింది, ఒక చేతిలో బైబిలు సంచి, ఇంకో చేతిలో సద్ది గిన్నె. నర్సాపూర్ అడవి ఎండకు మోడువారి ఉంది, రోడ్డు పక్కన కోతులు. అడవి దాటాక ఊళ్లలో యాసంగి వరి. అత్తమ్మ దారంతా కిటికీలోంచి చూస్తూ ఏ ఊళ్లో ఏ పాస్టరయ్య ఉండేవాడో చెప్తూనే ఉంది. మెదక్ ఇంకా రాకముందే చర్చి గోపురం కనబడుతుంది. 175 అడుగుల ఎత్తు. అది కనబడగానే ఆమె మాట ఆపి చెంగు తల మీదికి లాక్కుంది.

ఈ చర్చి కథ తెలుగు క్రైస్తవులకు చాలామందికి తెలిసిందే అయినా, దాన్ని అందమైన కట్టడంగానే చెప్పుకుంటాం. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ 1897లో మెదక్ వచ్చారు. 1914లో పని మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. పునాదికీ ప్రతిష్ఠకూ మధ్య ఆ పదేళ్లలో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం, 1918 నాటి ఫ్లూ జ్వరం, వీటి మధ్యలో మెదక్ ప్రాంతంలో కరువు. పోస్నెట్ జనాలకు ఊరికే గింజలు పంచకుండా పని ఇచ్చి తిండి పెట్టాడు. చేయి చాచి అడుక్కున్నామన్న బాధ లేకుండా బతికించాడని అత్తమ్మ వాళ్ల ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే ఈ స్తంభాల కింద ఉన్నది ఆకలి. రేపు గింజలు దొరుకుతాయో లేదో తెలియని మనుషులు, ఎప్పటికి పూర్తవుతుందో తెలియని గోడకు ఆ రోజు రాయి ఆ రోజు మోశారు.

చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్లేసరికి కాళ్లకు చల్లగా తగిలింది. నేలంతా రంగురంగుల పలకలు, ఇంగ్లండ్ నుంచి తెప్పించినవి. బయట ఎండ మాడ్చేస్తోంది, అక్కడ నిలబడితే అరికాళ్ల నుంచి చల్లదనం పైకి పాకింది. జనం అప్పటికే నిండిపోయారు. మాకు వెనకాల ఒక బూడిదరంగు స్తంభం పక్కన చోటు దొరికింది. అత్తమ్మ కూర్చోబోతూ ఆ రాయిని అరచేత్తో ఒకసారి తడిమింది. ఏ రాయి మోశాడో ఎవరికి తెలుసు, అయినా తడిమింది.

మెదక్‌లో అందరూ చూసేవి మూడు అద్దాల కిటికీలు. బలిపీఠం వెనక ఆరోహణం, ఒక పక్క క్రీస్తు జననం, మరో పక్క సిలువ. బయటి నుంచి చూస్తే మసకగా, సీసం గీతల్లా ఉంటాయి. లోపల వెలుగు పడితేనే రంగులు తెలుస్తాయి. అయితే నన్ను పట్టుకున్నది రంగులు కాదు, అవి వచ్చిన వరుస. ఆరోహణం కిటికీ 1927లో పెట్టారు. జననం 1947లో. సిలువ అన్నిటికంటే ఆఖరున, 1958లో. సువార్త చదివే వరుస ఇది కాదు. కరువు చూసిన ఆ తరం ఈ చర్చిలోకి వచ్చి కూర్చుంటే ముందు వాళ్ల కళ్లకు కనబడింది లేచి పరలోకానికి వెళ్తున్న ప్రభువు. కథ ఎక్కడికి చేరుతుందో ముందే చూశారు. సిలువ కిటికీ వచ్చేసరికి మళ్లీ ముప్ఫై ఏళ్లు పట్టింది. ఎవరైనా కావాలని అలా చేశారని నేననను. కానీ మధ్యాహ్నపు వెలుగులో అక్కడ కూర్చున్న నాకు ఆ వరుస గొప్ప సహాయం చేసింది. నేను అన్ని నెలలూ నా కష్టాన్ని దాని మధ్యలో నిలబడి చూస్తున్నాను, దాని చివర ఎవరున్నారో చూడకుండా.

ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమల దినాల్లో మా సంఘంలో రెండో కొరింథీ పత్రిక, అంటే పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం, ధ్యానిస్తున్నారు. నాలుగో అధ్యాయంలో పౌలు "క్షణమాత్రముండు మా చులకని శ్రమ" అంటాడు. కంపెనీ మూతపడిన కొత్తలో ఆ మాట వింటే నాకు మండేది. ఎవరికి చులకన? కానీ అదే పత్రిక పదకొండో అధ్యాయానికి వెళ్తే ఆ మాట అన్నదెవరో తెలుస్తుంది. ఐదుసార్లు ఒకటి తక్కువ నలభై కొరడా దెబ్బలు. మూడుసార్లు బెత్తాలు. ఒకసారి రాళ్లతో కొట్టారు. మూడుసార్లు ఓడ పగిలింది, ఒక రాత్రీ పగలూ సముద్రంలో గడిపాడు. ఆకలి, దప్పి, చలి. ఇవన్నీ చెప్పి, ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్తాడు. సంఘాలన్నిటి గురించిన చింత, ఆ భారం దినదినమూ తనకు ఉందని. చింత లేదని బుకాయించలేదు. ఉందని రాశాడు, దాన్ని నిత్యమైన మహిమ పక్కన పెట్టి తూచాడు. త్రాసులో రెండో తట్ట ఖాళీగా ఉంటే దూదైనా బరువే. నా త్రాసులో రెండో తట్టలో అన్ని నెలలూ నేనేమీ వేయలేదు.

పన్నెండు నుంచి మూడు వరకు ఏడు మాటల ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకు ఏడుగురు వాక్యం చెప్తారు, మధ్య మధ్య పాటలు. ఉపవాసంతో, ఆ ఉక్కలో, చిన్నపిల్లల ఏడుపుల మధ్య మూడు గంటలు. మూడో మాట చెప్పడానికి ఒక రిటైర్డ్ టీచరమ్మ లేచింది. యోహాను సువార్త 19వ అధ్యాయం. తల్లితో "అమ్మా, యిదిగో నీ కుమారుడు", దగ్గర నిలబడ్డ శిష్యుడితో "యిదిగో నీ తల్లి". ఆమె ఎక్కువ మాట్లాడలేదు. చెప్పింది ఇది. లోకం పాపమంతా మోస్తున్న ఆ గడియలో ఆయనకు అమ్మ ఎక్కడుంటుంది, ఎవరు చూసుకుంటారు అన్న ఇంటి సంగతి గుర్తొచ్చింది. లోకరక్షణ ముందు ఒక విధవరాలి పూటకూడు ఎంత? అయినా ఆయన దాన్ని పక్కన పెట్టలేదు. శ్వాస తీయడమే కష్టమైన చోట నుంచి దానికో ఏర్పాటు చేశాడు. ఆ గడియ నుంచి శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు.

నాకు అక్కడ కళ్ల నీళ్లు ఆగలేదు. నిత్యత్వం ముందు నా కష్టం చిన్నదని ఒప్పుకోవడానికి నేను సిద్ధపడే వచ్చాను. చిన్నది గనుక దేవుని ముందు దాని గురించి మాట్లాడటమే సిగ్గు అన్న ఆలోచన కూడా దానివెంటే వచ్చింది. ఆ ఆలోచన అబద్ధమని ఆ మూడో మాట చెప్పింది. నా ఈఎంఐ లోకం అంతం కాదు. అలాగని పట్టించుకోనక్కరలేని సంగతీ కాదు. దాని కొలత దానికుంది, ఆ కొలతతోనే ఆయన చేతిలో పెట్టొచ్చు. ఆ రోజు ఆరాధనలో మిగిలిన నాలుగు మాటలూ నేను లెక్కల్లోకి జారకుండా విన్నాను. "సమాప్తమైనది" అన్నప్పుడు చర్చి అంతా లేచి నిలబడింది.

మూడు దాటాక బయట చెట్టు కింద చాప పరిచాం. చుట్టూ ఎన్నో కుటుంబాలు. క్రైస్తవులు కానివాళ్లు కూడా వస్తారిక్కడికి, పాస్టర్ల దగ్గర ప్రార్థన చేయించుకునే వరుసలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. అత్తమ్మ గిన్నె మూత తీసింది. పెరుగన్నం, మామిడికాయ తొక్కు. మొదటి ముద్ద కలుపుతూ ఉండగా మా ఆయన, "అమ్మా, నాకు జాబ్ పోయింది" అన్నాడు. నేను చెప్పమనలేదు, ఆయనా నాతో అనుకోలేదు.

ఆమె చేయి గిన్నెలోనే ఆగింది. కాసేపు కొడుకు మొహం చూసింది. "ఎన్నొద్దులైంది?" అంది. చెప్పాడు. అప్పెంత, నెలకెంత కట్టాలి, ఒక్కొక్కటే అడిగింది. నాకు నోట్లో ముద్ద దిగలేదు, ఆమెకు ఏమన్నా అవుతుందేమోనని. ఆమె అందరి కంచాల్లో అన్నం పెట్టి, "ముందుగాల తినుండ్రి" అంది. తిన్నాక, "నాది సూరారంల ఇల్లున్నది. రెండు అర్రలు కాళీగనే పడున్నయి. మీ ఇల్లు కిరాయికి ఇయ్యుండ్రి, ఆ పైసలు బ్యాంకుల కట్టుండ్రి. ఇప్పుడే కదా ఇన్నది, తన యింట చేర్చుకున్నడని. కొడుకును నేను చేర్చుకోవద్దా?" అంది.

అంత సులువైన దారి మాకు తట్టకపోవడానికి కారణం తెలివి లేక కాదు. సొంత ఫ్లాట్ వదిలితే నలుగురూ ఏమనుకుంటారో అన్నది ఆ నెలల్లో మాకు అన్నిటికంటే పెద్దగా కనబడింది. సిలువ కిటికీ కింద మూడు గంటలు కూర్చుని వచ్చాక ఆ నలుగురి మాట ఎంతటిదో మాకే తెలిసింది.

మే నెలలో సామాను సర్దాం. ఫ్లాట్ కిరాయితో ఈఎంఐలో చాలా భాగం పోతుంది, మిగతాదానికి మా ఆయన తెలిసినవాళ్ల దగ్గర అకౌంట్స్ రాస్తున్నాడు, జీతం పాతదాంట్లో సగం కూడా లేదు. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. పాప కాలేజీ దూరమైంది, రెండు బస్సులు మారాలి. ఐదో తారీకు వస్తే టెన్షన్ ఇప్పటికీ ఉంది. ఆ రోజు పొద్దున్న అత్తమ్మ, నేనూ కలిసి ప్రార్థన చేస్తాం. ఎంత తక్కువ పడిందో రూపాయలతో సహా ఆమె బయటికే చెప్తుంది దేవునికి, తర్వాత కొరింథీ పత్రిక తీయమంటుంది.