ఫ్రేజల్ వెర్బ్స్: అర్థం ఒక్కటే వస్తే సరిపోదు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ రాసేవాళ్లకు ఇంగ్లిష్ అంటే టైర్-1లో, అంటే మొదటి దశలో, 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు పెడితే అర మార్కు కోత. టైర్-2లో 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకు ఒకటి పోతుంది. అందుకే గుడ్డిగా పెట్టొద్దంటాను.

ఇడియమ్స్‌కి, అంటే జాతీయాలకి, పాత పేపర్లు తిరగేస్తే చాలావరకు పని అయిపోతుంది, వచ్చినవే మళ్లీ వస్తుంటాయి. ఆప్షన్లలో ఒకటి మాత్రం మాటకు మాట అర్థంతో ఊరిస్తుంది. 'ఎట్ ది ఎలెవన్త్ అవర్' అంటే ఆఖరి నిమిషంలో అని. అక్కడ పదకొండు గంటల ఆప్షన్ ఒకటి కాచుకుని ఉంటుంది.

అసలు టెన్షన్ ఫ్రేజల్ వెర్బ్స్‌తోనే, అంటే వెర్బ్ పక్కన ఆఫ్, అవుట్ లాంటి చిన్న మాట చేరి అర్థం మారిపోయేవాటితో. 'పుట్' కింద పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్ అని వరసగా బట్టీ పడితే వాయిదా వేయడం, ఆర్పడం, భరించడం తెల్లారేసరికి కలగాపులగం అయిపోతాయి. పైగా వాక్యంలో తప్పు పట్టుకునే ఎర్రర్ స్పాటింగ్‌లో అర్థం ఎవరూ అడగరు, వాడకం అడుగుతారు.

నేను నోట్‌బుక్‌లో పేజీ మధ్యలో గీత గీసి, మధ్యలో వేరే మాట వచ్చి విడిపోయేవి ఒకవైపు, విడిపోనివి మరోవైపు రాసుకున్నాను. 'కాల్ ఆఫ్' విడిపోతుంది. 'కాల్ ఆఫ్ ద మీటింగ్', 'కాల్ ద మీటింగ్ ఆఫ్' రెండూ కరెక్టే. కానీ మీటింగ్ బదులు 'ఇట్' వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి: 'కాల్ ఇట్ ఆఫ్'. 'లుక్ ఆఫ్టర్' విడిపోదు, 'లుక్ ఆఫ్టర్ ఇట్' అనాల్సిందే. 'పుట్ అప్ విత్'లో పేపర్ సెట్ చేసేవాళ్లు చివరి 'విత్' ఎత్తేస్తారు, చదువుతుంటే ఏ తేడా తెలియదు. 'లుక్ ఫార్వర్డ్ టు' తర్వాత వెర్బ్ వస్తే ఐఎన్‌జీ రూపమే: 'లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ'.

తెలుగు మీడియం వాళ్లకు ఇంకో చిక్కు. మనం 'దాని గురించి చర్చించాం' అంటాం కాబట్టి 'డిస్కస్ అబౌట్' చెవికి బాగానే వినిపిస్తుంది. 'డిస్కస్'కి ఏ ప్రిపోజిషనూ అక్కర్లేదు. 'కోప్ అప్ విత్' కూడా అంతే, అందులో 'అప్' ఉండదు. ఇలాంటివి వేరే పేజీలో ఎర్ర పెన్నుతో రాసుకోండి.

అందరూ ఎడిటోరియల్స్ చదవమంటారు. వొకాబ్యులరీకి మంచిదే. ఫ్రేజల్ వెర్బ్స్‌కి మాత్రం నా ఓటు స్పోర్ట్స్ పేజీకే. గాయంతో బౌలర్ 'రూల్డ్ అవుట్', వానతో మ్యాచ్ 'కాల్డ్ ఆఫ్', ఓడిన టీమ్ 'నాక్డ్ అవుట్'. క్రికెట్ ఎలాగూ చూస్తాం కదా!