పిక్కలో రెండో పొర

పిక్క పట్టేసిందనే అనుకున్నాను. పన్నెండో కిలోమీటరు దగ్గర మొదలైంది. చురుక్కుమనలేదు, టప్‌మని తెగినట్టూ అనిపించలేదు. కాలి వెనక లోతుగా ఎవరో బొటనవేలితో అదిమి పట్టుకున్నట్టు బిగువు, అంతే. ఆగితే తగ్గేది. రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి మళ్లీ పరుగెత్తితే ఈసారి తొమ్మిదో కిలోమీటరులోనే వచ్చేది, ఆ తర్వాత ఆరో దానిలో.

పట్టేసినదాన్ని సాగదీయాలి కదా అని గోడకు చేతులానించి, మడమ నేలకు అదిమి, రోజుకు నాలుగుసార్లు సాగదీశాను. అది చేయకూడని పని, ఎందుకంటే అది పట్టేయడం కాదు, పిక్క లోపలి కండరం చిరిగింది. చిరిగిన కండరం అతుక్కునే మొదటి రోజుల్లో అక్కడ కొత్తగా ఏర్పడే కణజాలం చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని చివరిదాకా లాగితే అతుకు మళ్లీ విడిపోతుంది. బిగువు తగ్గట్లేదని ఇంకా గట్టిగా లాగాను.

పిక్క అంటే ఒక కండరం కాదు. పైకి గుండ్రంగా, రెండు పాయలుగా కనిపించేది గ్యాస్ట్రోక్నీమియస్. అది తొడ ఎముక అడుగు నుంచి మొదలవుతుంది కాబట్టి మోకాలినీ చీలమండనూ రెండింటినీ దాటుతుంది. దాని కింద చదునుగా, వెడల్పుగా పరుచుకున్నది సోలియస్. ఇది మోకాలి కింది రెండు ఎముకల నుంచే పుడుతుంది, మోకాలితో దానికి పని లేదు. కింద రెండూ కలిసి గట్టి తాడులాంటి అకిలీస్ టెండన్‌గా మారి మడమ ఎముకకు అతుక్కుంటాయి. మోకాలు మడిస్తే పై కండరం వదులైపోతుంది, బరువంతా సోలియస్ మీద పడుతుంది. నా గాయం ఎక్కడుందో తేల్చింది ఈ ఒక్క తేడానే. మోకాలు నిటారుగా ఉంచి ఒంటికాలి మీద మడమ ఎత్తితే ఇరవైసార్లు నొప్పి లేకుండా ఎత్తగలిగాను. మోకాలు కాస్త మడిచి ఎత్తితే అయిదోసారికే పట్టేసింది. బోర్లా పడుకుని మోకాలు మడిచి, ముంగాలి ఎముక లోపలి అంచు వెంట వేలితో లోతుగా నొక్కితే ఒక్కచోట మాత్రం ప్రాణం లేచొచ్చింది.

పిక్క నొప్పికి మర్దన మొదలుపెట్టే ముందు ఒక సంగతి చూసుకోవాలి. లోతు సిరలో రక్తం గడ్డకట్టినా ఇలాగే నొప్పి వస్తుంది. మోకాలి చిప్ప కింద ముంగాలి మీద తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి గుర్తుపెట్టి, అక్కడ రెండు కాళ్ల చుట్టుకొలత టేపుతో కొలవాలి. తేడా 3 సెంటీమీటర్లు దాటినా, కాలు వేడిగా ఉబ్బినా, ఈమధ్య ఆపరేషనో కాలికి సిమెంటు కట్టో సుదీర్ఘ ప్రయాణమో ఉన్నా ఇంట్లో ప్రయోగాలు పెట్టుకోకూడదు. ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే వెంటనే అత్యవసర విభాగానికే. నాకు తేడా అర సెంటీమీటరే, అయినా డాక్టరు సిరల్లో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ తీయించారు. సిరలు బాగానే ఉన్నాయి. మామూలు అల్ట్రాసౌండ్‌లో కండరం గాయమూ కనిపించలేదు. సోలియస్ లోతుగా ఉంటుంది కాబట్టి అందులో తరచూ దొరకదు. చివరికి ఎంఆర్‌ఐలో బయటపడింది.

మొదటి వారం పరుగు బంద్, సాగదీతలూ బంద్. బూట్లలో మడమ కింద ఒక సెంటీమీటరు మెత్త పెట్టుకుంటే నడక తేలికైంది. కుర్చీలో కూర్చుని, మోకాలు 90 డిగ్రీలు మడిచి, తొడ మీద బరువు పెట్టుకుని, మడమను సగం ఎత్తులో 45 సెకన్లు నిలిపేవాణ్ని. అయిదుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విరామం. నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాటికి పెరిగి ఉండకూడదు.

రెండో వారం నుంచి అదే కుర్చీలో కదలిక: మూడు సెకన్లు ఎత్తడం, ఒక సెకను ఆపడం, మూడు సెకన్లు దించడం. పదేసి చొప్పున నాలుగు సెట్లు, రోజు విడిచి రోజు. మొదలు 15 కిలోలు. వ్యాయామం చెడేది ఇక్కడే. అడుగున ఆగకుండా ఎగిరినట్టు ఎత్తితే పని కండరం నుంచి టెండన్‌కు పోతుంది. అలసిపోయిన పాదం చిటికెనవేలి వైపు ఒరుగుతుంది, నిజానికి బరువు బొటనవేలు, రెండో వేలి మొదళ్ల మీద ఉండాలి. నిలబడి మోకాలు మడిచి చేసేటప్పుడు ఎనిమిదో రెప్ (ఒకసారి ఎత్తి దించడం) దాటాక మనకు తెలియకుండానే మోకాలు నిటారైపోతుంది, మళ్లీ పై కండరమే ఆదుకుంటుంది. ఫోను పక్కన పెట్టి వీడియో తీసుకునేదాకా ఇది నాకు పట్టుబడలేదు. ఎనిమిదో వారానికి ఒంటికాలితో దాదాపు నా ఒంటి బరువంత మోశాను.

మళ్లీ పరుగెత్తడానికి నా లెక్క ఇది: అరగంట వడివడిగా నడిచినా నొప్పి ఉండకూడదు, మోకాలు నిటారుగా ఒంటికాలి మడమ ఎత్తులు 25, మడిచి 20, ఒంటికాలి గెంతులు 20. అవి కుదిరాక నిమిషం పరుగు, నిమిషం నడక, పదిసార్లు. తర్వాత రెండు నిమిషాల పరుగుకు ఒకటి, నాలుగుకు ఒకటి. మెల్లగా పరుగెడితే పిక్కకు విశ్రాంతి అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అడుగు నేలను తాకిన ప్రతిసారీ ఒంటిని ఆపి ముందుకు తోసేది సోలియసే, వేగం తగ్గించినా దాని వంతు పెద్దగా తగ్గదు. పైగా అదే దూరానికి అడుగులు పెరుగుతాయి. తగ్గించాల్సింది నిమిషాలను. ఎత్తుపల్లాల దారీ మడమ పలచటి బూట్లూ అన్నిటికన్నా చివర.

ఆరో వారంలో వరసగా రెండు రోజులు పరుగెత్తాను. మర్నాడు మంచం దిగి మొదటి పది అడుగులు వేసేసరికి పాత బిగువు తెలిసింది. ఒక మెట్టు దిగి నాలుగు రోజులు మళ్లీ నిమిషం పరుగు, నిమిషం నడకే. అప్పటినుంచి పొద్దున్నే ఆ పది అడుగులూ, ఒక మడమ ఎత్తూ చూసుకున్నాకే ఆరోజు పరుగు సంగతి.

ఇప్పుడు మళ్లీ పన్నెండు కిలోమీటర్లు దాటుతున్నాను. కుర్చీలో కూర్చుని మడమలెత్తడం మాత్రం వారానికి రెండుసార్లు సాగుతోంది. నిలబడి చేసేటప్పుడు పద్దెనిమిదో రెప్‌కు ఎడమ మడమ కుడిదానికన్నా వేలెడు కిందే ఆగిపోతోంది.