మావాడికి 212 ఎందుకు కావాలంటే

ఫోన్ కొనిస్తామనగానే మావాడు ముందు అడిగింది మోడల్ గురించి కాదు, నంబరు గురించి. "అమ్మా, 212 వస్తుందా?" అన్నాడు. మేముండేది న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో. ఇక్కడ కొత్త సెల్ నంబరంటే మొదట వచ్చే మూడంకెల ఏరియా కోడ్ 347, 929 లాంటివే. 212 అంటే నగరం నడిబొడ్డు మన్‌హట్టన్, అదీ పాతకాపులది. దానికోసం డబ్బు పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు.

ఈ మోజు నిన్నమొన్నటిది కాదు. 1947లో ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ వాళ్ళు అమెరికా, కెనడాలకు కలిపి 86 ఏరియా కోడ్‌లు వేశారు. అప్పుడు డయల్ ఫోన్లు కదా, అంకె పెద్దదైతే డయల్ వెనక్కి తిరగడానికి అంతసేపు పట్టేది. అందుకే ఫోన్లు ఎక్కువున్న ఊళ్ళకి తొందరగా తిరిగే కోడ్‌లు ఇచ్చారు. న్యూయార్క్‌కి 212, లాస్ ఏంజెలెస్‌కి 213, షికాగోకి 312.

నేను చెబితే వాడికి ఎక్కలేదు. డయల్ ఫోన్ చూస్తే కదా! ఆదివారం వీడియో కాల్‌లో గుంటూరులో ఉన్న మా నాన్నగారికి అప్పజెప్పాను. ఆయన చూపుడువేలు గాల్లో తిప్పుతూ, "ఒకటికి ఒక టక్కు, రెండుకి రెండు, సున్నాకి పది. లెక్కేసుకోరా" అన్నారు. 212కి ఐదే! మా గుంటూరు 0863కి 27. ఢిల్లీ 011కి 12, హైదరాబాద్ 040కి 24. "తిన్నావా, చదువుకుంటున్నావా" దగ్గర ఆగిపోయే మాటలు ఆ రోజు ట్రంకాల్ బుక్ చేసుకుని గంటలకొద్దీ ఎదురుచూసిన రోజులదాకా వెళ్ళాయి. అంతా తెలుగులోనే. నాకు అంతకన్నా ఏం కావాలి?

ఇక 212 సంగతి. 1984లో నంబర్లు చాలక, న్యూయార్క్‌లోనే ఉన్న బ్రూక్లిన్, క్వీన్స్, స్టాటెన్ ఐలాండ్‌లను 718కి మార్చారు. 1992లో బ్రాంక్స్‌నీ మార్చారు. ఊళ్ళోంచి వెలేసినట్టు చాలామంది బాధపడ్డారు. చివరికి మన్‌హట్టన్‌కే 212 సరిపోక, 1999లో 646 కలిపారు.

మావాడు 212 అడగడంలో నాకు వినిపించింది వేరే. ఇక్కడే పుట్టినా, "నువ్వు అసలు ఎక్కడివాడివి?" అని అడిగించుకుంటూ పెరిగే పిల్లలకి ఊరు తమదేనని చెప్పే గుర్తేదో ఒకటి కావాలి. అందుకే వాడికి మా గుడి సంగతి చెప్పాను. క్వీన్స్‌లోని ఫ్లషింగ్‌లో గణేశుడి ప్రతిష్ఠ జరిగింది 1977లో. అప్పటికి క్వీన్స్ మొత్తం 212 కిందే. 718 రాకముందే మనవాళ్ళు ఇక్కడ గుడి కట్టుకుని, అందులో కొబ్బరికాయలు కొట్టారు. అది విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత స్నేహితుడికి ఫోన్ చేసి ఆ మాటే చెప్పడం విన్నాను.

వాడికి వచ్చింది 929. పేచీ ఏం పెట్టలేదు. వేసవిలో గుంటూరు వెళ్ళినప్పుడు అటకమీది పాత ఫోన్ దించి చూపిస్తానని తాతయ్య మాటిచ్చారు. అది ఇంకా ఉందో లేదో మా అమ్మ ఇప్పటినుంచే వెతుకుతోంది.