మూడో ఫారం

మన క్లాసు సైకిల్ పంపుగాడు ఫోన్ చేసి "ఒరేయ్, మన స్కూలు పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకి నువ్వు రాయాల్సిందే, రెండు పేజీలైనా చాలు" అన్నాడు. సరేలే అన్నాను. అనగానే "ఎలాగూ రాస్తున్నావు కదా, ప్రింటింగు కూడా నువ్వే చూసుకో, రేటు మనలో మనం మాట్లాడుకుందాం" అన్నాడు. వీడు అప్పుడూ అంతే, గాలి కొడతానని వచ్చి వాల్వు పీక్కుపోయే రకం. గౌరవనీయులైన కన్వీనర్ గారు ఈ ముక్క తీసెయ్యకూడదని మనవి, అచ్చు ప్లేట్లు నా దగ్గరే చేస్తారు కాబట్టి తీసినా మళ్ళీ పెట్టేస్తా.

ఏం రాయాలిరా అంటే స్కూలు జ్ఞాపకాలు రాయమన్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు నాకు గుర్తే లేవు, ఒట్టు. లెక్కల మాస్టారి బెత్తం, నీళ్ళ ట్యాంకు దగ్గర గొడవ, గంటగాడు ఇంటర్వెల్ గంట పది నిమిషాలు ముందు కొట్టేసిన రోజు... ఇవన్నీ మీరు ఎలాగూ రాస్తారు. నాకు గుర్తున్నది ఒకే ఒక్క వారం. 1987 నవంబర్ 14 శనివారం నించి 20 శుక్రవారం దాకా, తొమ్మిదో తరగతిలో, గ్రంథాలయ వారోత్సవాలు.

ప్రతి ఏడూ వారోత్సవాలంటే గేటుకి ఒక గుడ్డ బ్యానరు కట్టి, ఒక వ్యాసరచన పెట్టి, అయిపోయిందనిపించేవాళ్ళు. ఆ ఏడు మాత్రం మన తెలుగు మాస్టారికి పూనకం వచ్చింది. లైబ్రరీ బీరువాల తాళాలు ఆయన జేబులోనే ఉండేవి కదా, ఆయన నడిచొస్తుంటే ముందు తాళాల చప్పుడు, తర్వాత పొడుం వాసన, ఆ తర్వాత ఆయన. శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ గారిని కూడగట్టుకుని ఏడు రోజులకీ కార్యక్రమం రాసి నోటీసు బోర్డు మీద పెట్టించారు. ప్రారంభ సభ, పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, వక్తృత్వం, వేటపాలెం యాత్ర, పద్యాలు, ఆఖరి రోజు రచయితలకి సన్మానం, పిల్లలకి బహుమతులు. బహుమతుల్లో ఒకటి కొత్తది, ఉత్తమ పాఠకుడు. అది ఎట్లా తేలుస్తారంటే ఇష్యూ రిజిస్టరు చూసి. జూన్ నించి ఎవరు ఎక్కువ పుస్తకాలు తీసుకెళ్తే వాళ్ళకి.

మొదటి రోజు ప్రేయర్లో ఆయన అడిగిన ప్రశ్న గుర్తుందా? "నవంబర్ 14నే ఎందుకు మొదలెడతారురా?" స్కూలంతా ఒక్క గొంతుతో నెహ్రూ గారి పుట్టినరోజు అని అరిచింది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుని, "అది సరేరా. 1919లో అదే రోజున మద్రాసులో దేశం మొత్తానికి మొదటి పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. జరిపించింది ఎవరు? మనవాళ్ళు!" అని మొదలుపెట్టి, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారి దగ్గరనించి, కొల్లిపర కాలవలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పించిన పాతూరి నాగభూషణం గారి దాకా వచ్చేసరికి రెండో పీరియడు గంట కూడా అయిపోయింది. ఎండలో ఇద్దరు పడిపోయారు. ఒకడు నిజంగా, రెండోవాడు మన కరెంటుగాడు.

పడవ లైబ్రరీ మాట విన్నాక నాకు చాలా రోజులు అదే ధ్యాస, రేవులో పడవ ఆగితే ఆడవాళ్ళు బట్టలుతకడం ఆపి చెయ్యి తుడుచుకుని పుస్తకం తీసుకుంటున్నట్టు అనుకునేవాడిని. పుస్తకాల మీద నాకున్న ప్రేమ అంతవరకే. చదవడం వేరే సంగతి.

18న వేటపాలెం. ప్యాసింజర్లో వెళ్ళాం, పీటీ సారు పెట్టె పెట్టెకీ తలలు లెక్కపెట్టుకుంటూ. ఎవర్ని అడిగినా వేటపాలెం అనగానే జీడిపప్పు కథే చెప్తారు, దొంగిలించినవాళ్ళు ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు కాబట్టి వదిలేస్తున్నా. 1918లో పెట్టిన సారస్వత నికేతనం, 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిన భవనం, అక్కడ దాచిన ఆయన చేతికర్ర, అన్నీ చూశాం. కర్ర దగ్గర మాస్టారు చెప్పులు విడిచేసి నించున్నారు, ఆయన్ని చూసి మేమూ విడిచాం. తిరిగొచ్చేటప్పుడు లెఫ్టుగాడి చెప్పులు కనపడలేదు. పాత పత్రికల బైండ్ల గది ఇంకోటి ఉంది చూడండి, తలుపు తియ్యగానే ఒక వాసన వచ్చింది, ఆ వాసన ఇప్పుడు రోజూ పీలుస్తూ బతుకుతున్నా, అప్పుడేమో ముక్కు మూసుకున్నా.

ఇక అసలు సంగతి. ఉత్తమ పాఠకుడు బహుమతి గురించి జులైలోనే నాకు తెలుసు, ఎట్లా అంటే రిజిస్టరుకి గీతలు కొట్టే పని నాదే. అప్పటినించి ఒక పుస్తకం తీసుకోవడం, రెండు రోజులకి తిరిగి ఇచ్చేసి ఇంకోటి తీసుకోవడం. సంచిలో పడేసి ఇంటికి తీసుకెళ్ళడం, సంచి విప్పకుండానే మళ్ళీ తేవడం. నవంబరుకల్లా నా పేరు మీద 41 పుస్తకాలు. నా తర్వాతవాడికి పదకొండు. వాడు కూడా చదివాడని నేను అనుకోను.

స్కూలు మొత్తానికి నిజంగా చదివింది ఎవరో అందరికీ తెలుసు. రెండు జడలు. మధ్యాహ్నం బెల్లుకి బీరువా తలుపు పక్కనే నించుని చదివేది, కూర్చునేది కాదు, గంట కొట్టగానే పేజీ నంబరు అరచేతిలో రాసుకుని పుస్తకం లోపల పెట్టేసేది. ఇంటికి తీసుకెళ్తే ఊరుకోరు ఆ ఇంట్లో. అందుకని రిజిస్టర్లో ఆమె పేరు ఒక్కసారి కూడా లేదు. గీతలు కొట్టినవాడిని కాబట్టి నాకు బాగా తెలుసు.

20వ తారీకు సాయంత్రం షామియానా, మైకు, పెట్రోమాక్సు లైట్లు రెండు (కరెంటు మీద ఎవరికీ నమ్మకం లేదు, మనవాడి మీద కూడా). వేదిక మీద ముగ్గురు రచయితలు. వాళ్ళ పేర్లు రాయను, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. శాలువాలు కప్పారు, దండలు వేశారు, దండలు తీసి బల్లమీద పెట్టారు. ముగ్గురిలో కథలు రాసే ఆయన సన్నగా, లాల్చీ వేసుకుని, మాట్లాడేటప్పుడు మైకు దగ్గరికి వస్తే భయపడినట్టు వెనక్కి వెళ్తూ మాట్లాడారు. తర్వాత నా పేరు పిలిచారు. ఉత్తమ పాఠకుడు, అయిదు నెలల్లో 41 పుస్తకాలు. చప్పట్లు. మా నాన్న ముందు వరసలో.

ఆ కథలు రాసే ఆయన చేతుల మీదుగానే బహుమతి. ఇచ్చేసి పంపిస్తే అయిపోయేది, కానీ ఆయన భుజం మీద చెయ్యి వేసి "ఏం బాబూ, నా పుస్తకం కూడా చదివావటగా, అందులో ఏ కథ నచ్చింది?" అన్నారు, అదీ మైకులో. నిజంగా ఆ పుస్తకం నా నలభైయొకటిలో ఉంది. అట్ట గుర్తుంది, విషయసూచిక కూడా లీలగా గుర్తుంది. నోటికొచ్చిన కథ పేరు చెప్పాను, మూడో కథ. ఆయన మొహం వెలిగిపోయింది. "అది నాకూ ఇష్టం బాబూ, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు" అని సభ వైపు తిరిగి, "చూశారా, పిల్లలకి తెలుసు" అన్నారు. మళ్ళీ చప్పట్లు.

మన మాస్టారు ప్రదర్శన బల్ల దగ్గర ఉన్నారు. ఆ పుస్తకం తీసి, సభకి ఆ కథలోంచి నాలుగు వాక్యాలు చదివి వినిపిద్దామని కాబోలు, పేజీలు తిప్పారు. తిప్పుతూ ఆగిపోయారు. వేదిక మీద నించి నాకు స్పష్టంగా కనిపించింది, ఆయన బొటనవేలు రెండు ఆకుల మధ్య దూరింది, పైకి జరిగింది, మడత దగ్గర ఆగింది. ఆ ఆకులు పైన విడలేదు. 33 నించి 48 పేజీల దాకా, మూడో ఫారం. నేను మెచ్చుకున్న కథ అందులోనే ఉంది. కింద నించి దూరి చూస్తే చీకట్లో బావిలోకి తొంగి చూసినట్టు ఉంటుంది తప్ప అక్షరం చదవలేరు.

ఆయన పుస్తకం మూసేసి, కళ్ళజోడు చొక్కాకి తుడుచుకుని, తర్వాతి పేరు పిలిచారు.

అది ఎట్లా జరుగుతుందో అప్పుడు తెలీదు, ఇప్పుడు చెప్తా, ప్రెస్సువాడిని కదా. ఒక ఫారం అంటే పదహారు పేజీలు, ఒకే కాగితం మీద అచ్చేసి మూడు మడతలు పెడతారు. కుట్టేటప్పుడు ఒక ఫారం మిగతావాటికన్నా కొంచెం కిందకి జారితే, పైన కోసేటప్పుడు బ్లేడు దానికి తగలదు. మడత మడతలాగే ఉండిపోతుంది. మంచి బైండరు తిరగేసి చూసుకుంటాడు, చూసుకోనివాడి పుస్తకం మన స్కూలుకి వచ్చింది.

మర్నాడు శనివారం ఆఖరి పీరియడు మాస్టారు నన్ను లైబ్రరీ గదికి పిలిచారు. తిడతారనుకున్నా, కొడతారనుకున్నా. "ఒరేయ్ పాఠకా" అన్నారు. అంతే. బల్ల మీద గిన్నెలో మైదా జిగురు, అందులో నీలంగా మైలుతుత్తం, పురుగు పట్టకుండా. పక్కన చిరిగిన పుస్తకాల గుట్ట. "ఒక్కో పుస్తకం పేజీలన్నీ లెక్కపెట్టు. ఊడినవి అతికించు. కలిసిపోయినవి విడదియ్యి" అని ఫుట్ స్కేలు చేతిలో పెట్టారు. మొదటి పుస్తకం అదే. స్కేలు మడతలోకి దూర్చి లాగితే సర్రుమని తెగింది, అంచున దూదిలాగా నూగు లేచింది. లాగుతూ లాగుతూ కథ చదివేశాను. నిజం చెప్తున్నా, ఏం గొప్పగా లేదు. దాని పక్క కథే బాగుంది. పాపం ఆయన.

ఆ శనివారం మొదలు పదో తరగతి పరీక్షల దాకా ప్రతి శనివారం అదే పని. పదో తరగతిలో ఇంకేం జరిగిందో నన్నడక్కండి. పుస్తకం వీపు మీద తెల్ల చీటీ అతికించి 894.827 అని తెలుగు సాహిత్యం నంబరు రాయడం, నంబరు కింద రచయిత పేరులో మొదటి మూడు అక్షరాలు. నా అక్షరం బాగుందని రెండు జడలు ఒకసారి అంది. ఆమెకి గుర్తుండదు.

అందుకే ప్రెస్సు పెట్టానని మా అబ్బాయి అందరికీ చెప్తుంటాడు, వినడానికి బాగుంటుంది. అదేం కాదు. ఇంటర్ తప్పాను, బెజవాడలో మా మేనమామ ప్రెస్సులో కటింగ్ మిషన్ దగ్గర మనిషి మానేశాడు, నన్ను పెట్టారు. తర్వాత ఏళ్ళు అలా గడిచిపోయాయి. ఇప్పుడు నాలుగు రంగుల ఆఫ్‌సెట్ మిషన్ ఉంది, పద్నాలుగు మంది పనిచేస్తారు, అప్పు తీరిపోయింది. ప్రెస్సు బిల్డింగు ఆస్తి పన్ను రసీదులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను అని వేరే లైను ఉంటుంది, మా అకౌంటెంటు దాన్ని చూసి గొణుగుతాడు, నేను మాత్రం ఆ ఒక్కటీ గొణక్కుండా కడతా. పిల్లల పుస్తకాలు కూడా వేస్తాం. సాహిత్య అకాడమీ 2010 నించి బాల సాహిత్యానికి విడిగా పురస్కారం ఇస్తోంది కదా, తామ్ర ఫలకం, 50 వేలు, తెలుగుతో కలిపి 24 భాషలకి. అది మొదలైనప్పటినించీ పిల్లల రచయితలు ప్రూఫులు దిద్దే తీరే మారిపోయింది, కామా కామాకీ ఫోను చేస్తున్నారు. నాకు సంతోషమే. ప్రతి నవంబరుకీ వారోత్సవాల సర్టిఫికెట్లు అచ్చుకి వస్తాయి, ఉత్తమ పాఠకుడు అని ఖాళీ గీతతో. బంగారు రంగు బోర్డరు మా దగ్గర బాగా వస్తుంది, మనలో మన మాట.

మాస్టారి గురించి ఇంకా రాద్దామని ఉంది, కానీ సైకిల్ పంపు రెండు పేజీలే అన్నాడు, అప్పుడే మించిపోయింది. ఆయన పోయిన సంగతి నాకు ఏడాది తర్వాత తెలిసింది. ఆ బీరువాల తాళాలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో ఎవరికైనా తెలిస్తే ఫోన్ చెయ్యండి.

నా దగ్గర ఒక సర్టిఫికెట్ ఉంది, మాస్టారి చేతి రాత, చివర సిరా చుక్క పడింది. ఇన్నేళ్ళూ దాచుకున్నా. అది నాది కాదు. సమ్మేళనానికి తెస్తున్నా, రెండు జడలు వస్తానందని గంటగాడు చెప్పాడు. నా పేరు తుడిచెయ్యడం కుదరదు, సిరా పాతబడిపోయింది, అలాగే ఇస్తా, తిడితే తిట్టనీ.

ఈ సంచిక 96 పేజీలు, ఆరు ఫారాలు. మీలో ఎవరి కాపీలోనైనా పైన మడత తెగకుండా ఉంటే కన్వీనర్ గారికి కంప్లయింటు చెయ్యకండి, ఫుట్ స్కేలు పెట్టి మీరే విడదీసుకోండి, నాలుగు రోజుల్లో అరవై ఏళ్ళు వస్తున్నాయి, ఆ మాత్రం పని చేసుకోవచ్చు. ఆమె కాపీ మాత్రం నేనే తిరగేసి చూసి ఇస్తా.